ఒర్రెకు ఇరవై అంగలు

మా రోజుల్లో ఇంటికి సంబంధం చూడవచ్చిన పిల్లవైపు వాళ్లు ముందుగా బావి దగ్గరికి నడిచేవాళ్లు. ఇల్లు తర్వాత, పిల్లగాడి చదువు ఆ తర్వాత. బావి గడ్డ మీద నిలబడి లోపలికి తొంగిచూసి, "పొద్దంత మోట కొడితే నీళ్లు నిలుస్తయా?" అని అడిగేవాళ్లు. నిలుస్తాయంటే సగం సంబంధం కుదిరినట్టే. మా నాయనకు పిల్లనిచ్చిన తాత మూడుసార్లు వచ్చి, మూడోసారి నడి వేసవిలో బావి చూసుకుని పోయాడని మా అమ్మ చెప్పేది.

మొన్న మాఘమాసంలో మా మనవడికి సంబంధం వచ్చింది. కారు దిగిన పెద్దమనిషి చెప్పులైనా విప్పకముందే అడిగిన మాట: "భూమి రోడ్డుకు ఎంత దూరం సార్? ట్రిపుల్ వన్‌లో ఉన్నదా, బయట ఉన్నదా?" బావి సంగతి ఎవరూ ఎత్తలేదు. ఎత్తితే చూపించడానికి బావి కూడా లేదు, పూడ్చి ఇరవై ఏళ్లయింది. కానీ ఆ ప్రశ్న నా చెవిలో ఇంకా గింగిరాలు తిరుగుతూనే ఉంది. భూమిని నీళ్లతో కొలిచిన కాలం నుంచి రోడ్డుతో కొలిచే కాలానికి మేం ఎప్పుడు వచ్చి పడ్డామో, ఎవరు తెచ్చి పడేశారో, నాకు తెలిసినంత చెప్తాను. డెబ్బై నాలుగేళ్లవాణ్ణి. ముప్పై రెండేళ్లు సర్కారు బడిలో లెక్కలు చెప్పినవాణ్ణి. ఇది కూడా ఒక లెక్కే.

మా ఊరు హైదరాబాద్‌కు పడమర, మొయినాబాద్ మండలంలో ఉంది. చేవెళ్ల దారిలో పోతుంటే రోడ్డుకు రెండు పక్కలా ఊడలు దిగిన మర్రిచెట్లు కమ్ముకుని ఉంటాయి చూశారా, ఆ దారి మాది. ఆ చెట్ల కింద ఎడ్లబండి మీద రాత్రంతా ప్రయాణం చేసి, తెల్లవారేసరికి మీరాలం మండీలో వంకాయలూ టమాటలూ దింపేవాళ్లం. చామంతి, బంతి అయితే జాంబాగ్ పూల మార్కెట్‌కు పోయేవి. పండగ ముందురోజు బండి మీద పూలమూటల నడుమ పడుకుని పోయిన చిన్నప్పటి వాసన ఇప్పటికీ ముక్కుకు తగులుతుంది. నగరానికి కూర, పువ్వు, పాలు మా వైపు నుంచే పోయేవి. వాటికంటే పెద్దది ఇంకొకటి పోయేది. అదే నీళ్లు.

మా రోజుల్లో ప్రతి చేనుకూ ఒక పేరుండేది. ఈదుల మడి, మర్రికింది చెల్క, బండమీది తుకడ, అలుగు పారకం, జాలు మడి. ఆ పేర్లు ముచ్చటకు పెట్టినవి కావు. అలుగు పారకం అంటే కుంట నిండి అలుగు దూకితే నీళ్లు ముందుగా వచ్చిపడే చోటు. జాలు మడి అంటే సంక్రాంతి దాటినా అడుగున ఊట ఆరని చోటు. అక్కడ ఇల్లు కట్టుకుందామన్న ఆలోచన ఎవరికీ వచ్చేది కాదు, పేరే వద్దని చెప్పేది. ఇప్పుడు మా ఊళ్లో జాలు మడి లేదు. ప్లాట్ నంబరు 58 నుంచి 73 దాకా ఉన్నాయి. నంబరు ఏ సంగతీ చెప్పదు. కొన్నవాడు ఎక్కడివాడో, ఊట సంగతి అతనికెలా తెలుస్తుంది?

మా చెల్కల నడుమ నుంచి ఒక ఒర్రె పారేది. వానాకాలంలో మూడు నెలలు పారి, దసరా దాటాక ఇసుక తేలి, పిల్లలం ఆడుకునే జాగా అయ్యేది. ఆ ఒర్రె పోయి ఈసీ వాగులో కలుస్తుంది. ఈసీ పోయి హిమాయత్‌సాగర్‌లో పడుతుంది. మా తాత ప్రతి ఏడూ మృగశిర కార్తెకు ముందు మమ్మల్ని వెంటబెట్టుకుని ఒర్రె వెంబడి నడిచేవాడు. నడుమ నిలబడి ఇటు పది అంగలు, అటు పది అంగలు వేసి, అక్కడ నాగలి ఆపేవాడు. "ఒర్రెకు ఇరవై అంగలు ఇడువాలె బిడ్డా. ఇడువకపోతే అదే తీసుకుంటది. అది తీసుకుంటే ఇరవైతోని ఊకోదు" అనేవాడు. మాకున్నదే ఏడెకరాలు. అందులోనే అర ఎకరం దాకా ఏ పంటా వేయకుండా నీళ్లకు వదిలేవాళ్లు. మా నాయన కూడా వదిలాడు. చదువుకోని ఆ ఇద్దరికీ ఏ చట్టమూ, ఏ జీవో వచ్చి ఆ సంగతి చెప్పలేదు.

తాతకు ఆ భయభక్తి ఊరికే రాలేదు. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి హైదరాబాద్‌ను ముంచినప్పుడు ఆయనకు పదమూడేళ్లు. పదిహేను వేలమంది దాకా పోయారని చెప్తారు. అఫ్జల్‌గంజ్ దగ్గర చింతచెట్టెక్కి నూటయాభై మంది బతికారన్న కథ ఇప్పటికీ చెప్పుకుంటారు. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఆ చెట్టు ఉంది. నగరంవాళ్లు వరదను నగరం కథగా చెప్తారు. తాత మాత్రం మా ఊరి కథగా చెప్పేవాడు. ఆ రాత్రి మా కుంట తెగింది. మా కుంట నీళ్లు కింది ఊరి చెరువు మీద పడి దాన్ని తెంపాయి. అది ఇంకో దాన్ని తెంపింది. తర్వాత నిజాం ప్రభుత్వం పిలిపించిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య లెక్క తీస్తే, మూసీకి పై ఎత్తున ఉన్న 788 చెరువుల్లో 221 తెగాయని తేలింది. అంటే అఫ్జల్‌గంజ్‌ను ముంచిన నీళ్లు మా కుంటల నుంచి, మా ఒర్రెల నుంచి పోయినవే. పైన జరిగేది కింద అనుభవించాల్సిందే. ఈ ఒక్క సంగతిని మా తాత ఒక్క రాత్రిలో నేర్చుకున్నాడు. మనం వందేళ్లకు పైగా చదువుకుని మరిచిపోయాం.

ఆ వరద తర్వాతనే విశ్వేశ్వరయ్య సలహా మీద మూసీ మీద గండిపేట అని పిలిచే ఉస్మాన్‌సాగర్, ఈసీ మీద హిమాయత్‌సాగర్ కట్టారు. ఒకటి 1920లో పూర్తయింది, ఇంకొకటి 1927లో. దాదాపు నాలుగు టీఎంసీలు ఒకదానిలో, మూడు టీఎంసీలు ఇంకొకదానిలో పడతాయి. వరదను ఆపడానికి కట్టినవే నగరం గొంతు తడిపాయి. గండిపేట నీళ్లు తాగినవాడు హైదరాబాద్ విడిచిపోడని సామెత పుట్టింది. ఆ నీళ్లకు మోటారు లేదు, కరెంటు లేదు. గండిపేట ఎత్తున ఉంది, నగరం పల్లాన ఉంది. కాలువ పట్టుకుని వాటంతట అవే ఆసిఫ్‌నగర్ నీటిశుద్ధి కేంద్రానికి చేరేవి. ఆ పని చేసిన పెద్దలు భూమి వాలు చూసి పని చేశారు. ఇప్పుడు కృష్ణ నీళ్లను వంద కిలోమీటర్లకు పైగా దూరం నుంచి, గోదావరి నీళ్లను ఎల్లంపల్లి నుంచి, మోటార్లతో ఎత్తి ఎత్తి తెచ్చి పోస్తున్నారు. తప్పదు, నగరం పెరిగింది. కానీ దగ్గరున్న చెరువు మీద పట్టింపు లేకుండా దూరపు నది మీద ఆశ పెట్టుకోవడం ఇంటి బావిని పూడ్చి పొరుగూరికి బిందె పట్టుకుపోవడమే.

ఇక ఆ పెద్దమనిషి అడిగిన ట్రిపుల్ వన్, అంటే 111 సంగతి. 1996 మార్చి 8న వచ్చిన జీవో అది. రెండు చెరువులు నిండితే నీళ్లు ఎక్కడిదాకా నిలుస్తాయో, అక్కడి నుంచి పది కిలోమీటర్ల దాకా కాలుష్యం చేసే ఫ్యాక్టరీలు, పెద్ద హోటళ్లు, పెద్ద కాలనీలు కూడదన్నారు. 84 ఊళ్లు, లక్షా 32 వేల ఎకరాలకు పైగా భూమి. లేఅవుట్ వేస్తే నూటికి 60 వంతుల జాగా రోడ్లకూ ఖాళీకీ వదలాలి. వంద గజాల స్థలంలో అన్ని అంతస్తులూ కలిపి యాభై గజాలకు మించి కట్టకూడదు. మా తాత ఒర్రెకు ఇరవై అంగలు వదిలినట్టే, సర్కారు చెరువులకు పది కిలోమీటర్లు వదిలిందని నేను అప్పట్లో బడిలో పిల్లలకు చెప్పాను. బోర్డు మీద లెక్క కూడా వేసి చూపించాను. ఒక ఎకరం మీద ఒక్క సెంటీమీటర్ వాన పడితే 40 వేల లీటర్లు. అంటే ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు ఎనిమిది. పది సెంటీమీటర్లు కురిస్తే ఎనభై ట్యాంకర్లు. ఎర్రమట్టి చెల్క అయితే అందులో చాలా భాగం తాగుతుంది, మిగిలింది నెమ్మదిగా వదులుతుంది. సిమెంటు చేస్తే ఆ ఎనభై ట్యాంకర్లూ ఒక్కసారే పల్లానికి పరుగెత్తుతాయి. ఏడో తరగతి పిల్లలకు అర్థమైన లెక్క ఇది.

కానీ ఇక్కడ మా ఊరివాళ్ల బాధ కూడా చెప్పాలి. చెప్పకపోతే నేను ఊరికి ద్రోహం చేసినట్టు. 2001లో నా బిడ్డ పెళ్లికి రెండెకరాలు అమ్మకానికి పెట్టాను. గండిపేట అవతల గట్టున ఎకరానికి పలికిన ధరలో ఐదో వంతు కూడా మాకు రాలేదు. "సార్, ట్రిపుల్ వన్ కదా" అని బేరగాడు చేతులు చాచి నవ్విన నవ్వు నేను మరిచిపోలేదు. అమ్మకుండా అప్పుచేసి పెళ్లి చేశాను. ఆ అప్పు తీరేసరికి తొమ్మిదేళ్లు పట్టింది. 2023లో కోకాపేటలో సర్కారు వేలంపాటలో ఎకరం వంద కోట్లు దాటింది. మా ఊరి రైతు ఆ వార్త చదివి, తన చెల్క మీద నిలబడి తూర్పుకు చూస్తే ఆ మేడలు కంటికి కనబడుతుంటాయి. అతని కడుపు మండదా?

మా పక్క చేను కాకకు ఇద్దరు కొడుకులు. పెద్దోడు ఆటో నడుపుతాడు, చిన్నోడు ఎయిర్‌పోర్టులో సామాను మోస్తాడు. మొన్న కట్ట మీద కూర్చుని అన్నాడు: "మాస్టారూ, నువ్వు చెప్పేది మంచిగనే ఉంటది. నీకు పింఛనొస్తది. నాకేమొస్తది? పట్నపోళ్లకు నీళ్లు కావాలెనంటే నా భూమి ఆపిర్రు. మంచిది. మరి ఇన్నేండ్లు ఆపినందుకు నాకు ఒక్క రూపాయి ఇచ్చిర్రా? నల్లా బిల్లుల నా పేరు మీద ఒక్క పైసన్న కట్టిర్రా?" నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు. ఆయన మాటలో అబద్ధం ఒక్కటి లేదు.

పూలమ్మే మా ఊరి ఒక అక్క మాట వేరు. ఆమెకు సొంత భూమి లేదు, ఎకరంన్నర కౌలుకు చేసి చామంతి వేస్తుంది. తెల్లారగట్ల గుడిమల్కాపూర్ మార్కెట్‌కు ఆటోలో పోతుంది. "జీవో తీసేస్తే పట్టాదారుకు కోట్లొస్తయి. నాకు రెక్కలు మిగుల్తయి" అన్నది. ఈ గొడవలో పట్టాదారు మాట అందరూ వింటారు. కౌలుదారు మాట, కూలి మాట ఎవరూ అడగరు. 84 ఊళ్లలో ఇళ్లు కడితే బాగుపడేవాళ్లెందరో, బతుకుతెరువు పోయేవాళ్లెందరో ఎవరైనా గడప గడపకూ వచ్చి లెక్క రాసుకున్నారా? మా గడపకైతే ఎవరూ రాలేదు.

కాక బాధ న్యాయమైనదే. కానీ 111 వల్ల రైతు నష్టపోవడం ఒక ఎత్తు, 111ను పాటించినవాడే నష్టపోవడం ఇంకో ఎత్తు. నా కోపమంతా ఇక్కడే. మా ఊరి రైతు పశువుల కొట్టానికి రేకులు వేస్తే పంచాయతీ నుంచి మనిషి వచ్చి ఆపాడు. అదే ఏడాది ఒర్రెకు అవతల పెద్దమనుషుల ఫామ్‌హౌస్‌లు లేచాయి. పన్నెండడుగుల గోడలు, లోపల ఈతకొలనులు, ఫంక్షన్ హాళ్లు. రాత్రిపూట పెళ్లి బారాత్ డీజే మోతకు మా బర్రెలు తాళ్లు తెంపుకునేవి. అన్నం మిగిలితే, ఆకులు మిగిలితే, మరుగుదొడ్ల నీళ్లు నిండితే, అన్నీ ఒర్రెలోకే. చిన్నవాడికి చట్టం, పెద్దవాడికి చుట్టం. మా రోజుల్లో కుంట శిఖంలో ఎవరైనా అరక దున్నితే, వాడు ఎంత పెద్దింటివాడైనా సరే, కుంట నీళ్లు చూసుకునే నీరటి కట్ట మీద నిలబడి పేరు పెట్టి పిలిచి ఆపేవాడు. నీరటి మాటకు ఊరు వెనక నిలబడేది. నీరటిని తీసేశారు, ఆయన పనిని ఏ ఆఫీసూ ఎత్తుకోలేదు.

కోర్టులు చెప్పకపోలేదు. పెద్దషాపూర్‌లో ఒక నూనె కర్మాగారానికి ప్రభుత్వమే 111 నుంచి మినహాయింపు ఇస్తే, 2000 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు అది చెల్లదన్నది. తాగునీటి విషయంలో ముప్పు వచ్చాక చూద్దామంటే కుదరదని, ముందే జాగ్రత్త పడాలని, ముప్పు లేదని రుజువు చేసే భారం కట్టేవాడిదేనని తేల్చింది. దేశమంతా లా కాలేజీల్లో ఆ తీర్పు చదువుతారు. అది పుట్టింది మా పక్క మండలం నుంచి. మా ఊళ్లో ఎంతమందికి తెలుసు? చెప్పినవాళ్లు లేరు.

ఇప్పుడు నా తప్పు చెప్పాలి. మా పాలోళ్లలో ఒకరు 2014లో జాలు మడిని, దాని పక్క ఒర్రె వారనున్న చెల్కను వెంచర్ వాళ్లకు అమ్మారు. అమ్మకం కాగితం మీద సాక్షి సంతకం నాది. మాస్టారు సంతకం ఉంటే నమ్మకం అని తీసుకుపోయారు, పోయాను. చాయ్ తాగాను, సంతకం పెట్టాను. ఇరవై అంగల మాట నోటిదాకా వచ్చింది. ఆయన కొడుకు ఆసుపత్రి ఖర్చుకు అమ్ముకుంటున్నాడు, అడ్డం పడితే బాగుండదని మింగాను. ఆర్నెల్లలో జేసీబీ వచ్చింది. తాతల నాటి ఈదులు ఒక్క పూటలో పోయాయి. ఒర్రెను రెండడుగుల సిమెంటు పైపులో పెట్టి, పైన ముప్పై అడుగుల రోడ్డు వేశారు. రెండు పక్కలా ప్రీకాస్ట్ గోడ, గేటు. గేటుకు పెట్టిన పేరు చదవడానికి ఊరివాళ్లలో సగం మందికి నోరు తిరగదు.

2020 అక్టోబర్ 13 రాత్రి కురిసిన వాన హైదరాబాద్‌లో ఎవరూ మరిచిపోరు. ఎన్నో ఏళ్ల తర్వాత హిమాయత్‌సాగర్ గేట్లెత్తారు. ఆ రాత్రి మా ఊళ్లో రెండింటికి పెద్ద చప్పుడైంది. పిడుగనుకున్నాను. తెల్లవారి పోయి చూస్తే ప్రీకాస్ట్ గోడ యాభై అడుగులు పేకముక్కల్లా పడి ఉంది. పైపు నోట్లో ముళ్లకంప, ప్లాస్టిక్ సంచులు, చచ్చిన మేక అడ్డం పడి, నీళ్లు పైకెక్కి రోడ్డు మీదుగా పారాయి. ఇళ్లలో నడుం లోతు. నేను గొడుగు మూసి, చెప్పులు చేతబట్టుకుని, బురదలో అంగలు వేసి చూశాను. నీళ్లు పారిన వెడల్పు ఇరవై మూడు అంగలు. తాత చెప్పినట్టే, ఇరవైతో ఊకోలేదు.

అక్కడ ఒక ఇంటి మెట్ల మీద, పైనుంచి మూడో మెట్టు మీద, ఒక అమ్మాయి ఒళ్లో పిల్లను పెట్టుకుని కూర్చుని ఉంది. మెట్ల కింద బియ్యం డబ్బా తేలుతోంది. ఇద్దరూ ఉద్యోగస్తులు, బ్యాంకు అప్పు పుట్టక చీటీలెత్తి, బంగారం కుదువబెట్టి కొన్నారట. నన్ను చూసి, "ఇది నీళ్లదారని మాకెవరూ చెప్పలేదండీ" అన్నది. కోపంగా కూడా అనలేదు. ఆ మాట అని పిల్ల నెత్తి తుడుచుకుంటూ కూర్చుంది. చెప్పవలసినవాణ్ణి నేనే. చెప్పకుండా సంతకం పెట్టినవాణ్ణి కూడా నేనే. అప్పటి నుంచి నాకు నిద్ర సరిగ్గా పట్టదు. వయసు వల్ల అంటాడు డాక్టర్. కాదని నాకు తెలుసు.

ఇంత జరిగాక కూడా 2022 ఏప్రిల్‌లో జీవో 69 తెచ్చి 111 ఆంక్షలు తీసేస్తున్నామన్నారు. 2023 మేలో మంత్రివర్గం మొత్తంగా ఎత్తేయాలని నిర్ణయించింది. మా ఊళ్లో ఆ రోజు టపాకాయలు కాల్చారు. చెప్పిన కారణం ఏమిటంటే, అప్పట్లో నగరం తాగే నీళ్లలో పావు వంతుకు పైగా ఈ రెండు చెరువులవేనట, ఇప్పుడు నూటికి రెండు వంతులైనా కాదట, కాబట్టి కాపాడే అవసరం తీరిందట. పాలిచ్చినన్నాళ్లు గడ్డివేసి, వట్టిపోయాక కటికవాడికి తోలే బుద్ధి ఇది. చెరువు తాగడానికి మాత్రమే ఉంటుందా? వరదను పట్టి ఆపేదెవరు? చుట్టుపక్కల బోర్లకు ఊట ఇచ్చేదెవరు? మొన్నమొన్న గోదావరి నీళ్లు తెచ్చి ఈ రెండు చెరువుల్లో నింపుతామని తర్వాత వచ్చిన ప్రభుత్వం పనికి పూనుకుంది. మంచిదే. మరి అంత ఖర్చుపెట్టి తెచ్చిన నీళ్లను ఏ గిన్నెలో పోస్తారు? గిన్నె చుట్టూ మురుగు కట్టి, గిన్నెలో గోదావరి పోస్తే అది గోదావరిగా ఉంటుందా?

ఇళ్లు వద్దని నేననను. నగరానికి వచ్చే పిల్లలకు తలదాచుకోను నీడ కావాలి. మా మనవడికీ కావాలి. మా రోజుల్లో కూడా ఊరు పెరిగింది. పెరిగినప్పుడల్లా మిట్టకు పెరిగింది. బండల మీద, రాళ్లగడ్డ మీద ఇల్లు కట్టారు, మెత్తటి భూమి పంటకు వదిలారు, పల్లం నీళ్లకు వదిలారు. ఇప్పుడు పల్లం చవకని పల్లంలోనే కడుతున్నారు. నగరం లోపల ఖాళీగా పడి ఉన్న జాగాలెన్ని లేవు? మూతపడిన ఫ్యాక్టరీల నేలలెన్ని లేవు? అవన్నీ వదిలి చెరువు నెత్తిన కట్టాలన్న తొందర ఇల్లు లేనివాడిది కాదు. గజాల లెక్కన అమ్ముకునేవాడిది.

కాబట్టి నాకు తోచిన న్యాయం చెప్తాను. 111 ఉండాలి. కానీ దాని బరువు 84 ఊళ్ల రైతు నెత్తిన ఒంటరిగా ఉండకూడదు. ఆ చెరువుల వల్ల మునగకుండా ఉన్న నగరం, ఇన్నేళ్లు ఆ నీళ్లు తాగిన నగరం, మా కాకకు బాకీ ఉంది. ఒర్రె వార భూమిని పచ్చగా ఉంచిన ప్రతి రైతుకూ ఏడాదికింతని కట్టాలి. నల్లా బిల్లులో ఒక రూపాయి కలిపినా చాలు, నగరం పెద్దది. కౌలుకు చేసే అక్కకు ఆ డబ్బులో వాటా రావాలి. అక్రమమని కూలగొట్టాల్సి వస్తే పన్నెండడుగుల గోడలతో మొదలుపెట్టాలి, మెట్ల మీద కూర్చున్న అమ్మాయి ఇంటితో కాదు. ఆమెకు అమ్మినవాడి దగ్గర వసూలు చేసి ఆమెకు వేరేచోట నీడ చూపించాలి. ఇంకొకటి, అమ్మకం కాగితంలో సర్వే నంబరుతో పాటు భూమి పాత పేరు కూడా రాయించాలి. జాలు మడి అని రాసి ఉంటే ఆ అమ్మాయి కొనేదా?

కిందటి ఏడాది మృగశిరకు ముందు, మిగిలిన మా నాలుగెకరాల దగ్గరికి మనవణ్ణి తీసుకుపోయాను. వాడు కంప్యూటర్ చదువుకున్నవాడు, ఫోన్‌లో మ్యాప్ తీసి ఒర్రె చూపించబోయాడు. మ్యాప్‌లో ఒర్రె లేదు. ఫోన్ జేబులో పెట్టుకుని నా వెంట నడిచాడు. నడుమ నిలబడి ఇటు పది అంగలు, అటు పది అంగలు వేయించాను. వాడి కాళ్లు పొడుగు, తాత అంగలకంటే వాడి అంగలు పెద్దవి. తగ్గించమనలేదు. ఎక్కువే వదలనీ అనుకున్నాను. రెండు వైపులా రాతి కడీలు పాతించి, వాటి మీద ఎర్ర రంగుతో "ఒర్రె" అని రాయించాను. తర్వాత ఇద్దరం నడుచుకుంటూ వెంచర్ గేటు దగ్గరికి పోయాం. వాచ్‌మన్ "ఎవరు కావాలె?" అని అడిగాడు. ఈ దారిన నేను డెబ్బై ఏళ్లు నడిచానని వాదం పెట్టుకోలేదు. ఆ అమ్మాయి ఇంటి నంబరు చెప్పి లోపలికి పోయాను. ఇంటి ఎదురుగా నిలబడి, నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయో, ఎటు పోతాయో, పెద్ద వాన కురిస్తే ఏ పక్కకు పోయి నిలబడాలో, చేయి చాచి చూపించి చెప్పాను. అమ్మాయి వాళ్లాయన కాగితం తెచ్చి గీసుకున్నాడు. ఎన్నో ఏళ్ల ముందు చెప్పవలసింది.

సంబంధం చూడవచ్చిన ఆ పెద్దమనిషికి కూడా అదే చూపించాను. భూమి రోడ్డుకు ఎంత దూరమని అడిగితే చేయి పట్టుకుని ఒర్రె దగ్గరికి తీసుకుపోయి, కడీల నడుమ నిలబెట్టి, ఈ జాగా అమ్మేది కాదు, మీ బిడ్డ బిడ్డలు కూడా అమ్మకూడదు, ఒప్పుకుంటేనే మాట్లాడుకుందామన్నాను. ఆయన చాలాసేపు ఒర్రె వైపు చూశాడు. ఆయనదీ చేవెళ్ల అవతల చిన్న ఊరేనట. "మా నాయన పదిహేను ఇడిచేటోడు" అన్నాడు.